టంగుటూరులో చీరల షాపు: పెట్టే ముందు సరుకు లెక్క చూసుకోండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. ఒంగోలు దగ్గర టంగుటూరులో ఇంటి దగ్గరే వాట్సాప్‌లో చీరలు అమ్ముతున్నారు. ఇప్పుడు చేతిలో ఏడు లక్షలు ఉన్నాయి. ఒంగోలులో షాపు తీసుకోవాలా, టంగుటూరులోనే పెట్టాలా? సూరత్ వెళ్లి సరుకు తెచ్చుకుంటే ఎక్కువ మిగులుతుందా? బంగారం తాకట్టు పెట్టి ఇంకో మూడు లక్షలు స్టాక్‌లో పెట్టొచ్చా? ఇవీ మీరు అడిగినవి.

నేను ఒంగోలులో బట్టల కొట్టు నడుపుతున్నాను. అంతకు ముందు నెల్లూరు చిన్నబజారులో ఒక అంగడిలో గుమస్తాగా చేశాను. ఇన్నేళ్లలో తెరుచుకున్న కొట్లు చూశాను, మూతపడ్డవీ చూశాను. మూతపడ్డవాటిలో జనం రాక పోయినవి తక్కువ. రోజూ అమ్మకం జరుగుతూనే గల్లాపెట్టెలో డబ్బు లేక పోయినవే ఎక్కువ. అది ఎలా జరుగుతుందో తెలిస్తే మీ మూడు ప్రశ్నలకూ జవాబు దాదాపు అక్కడే దొరుకుతుంది.

మీకు 500కి పడ్డ చీరను 700కి అమ్ముతారనుకుందాం. వంద చీరలు తెచ్చారు, 50,000 పెట్టారు. మంచి రంగులు, మంచి డిజైన్లు ముందే వెళ్లిపోతాయి. డెబ్బై చీరలు అమ్మేసరికి చేతికి వచ్చింది 49,000. అంటే అసలే ఇంకా పూర్తిగా రాలేదు. మీ లాభమంతా మిగిలిన ముప్పై చీరల్లో ఉండిపోయింది. ఆ ముప్పై ఏవి? వచ్చిన ప్రతి ఒక్కరూ విప్పి చూసి పక్కన పెట్టినవి. వాటిని 400 చొప్పున తెగనమ్మితే 12,000 వస్తాయి, మొత్తం మీద 11,000 మిగులుతాయి. కాగితం మీద మీరు వేసుకున్న లాభం 20,000. కొత్తవాళ్లు ఈ తేడాను లెక్కలోకి తీసుకోరు. డెబ్బై చీరలు అమ్ముడుపోయాయన్న ఉత్సాహంతో మళ్లీ వంద తెస్తారు, ఈసారీ ముప్పై మిగులుతాయి. ఏడాది తిరిగేసరికి అలమరలు నిండుగా కనిపిస్తాయి, బ్యాంకు ఖాతా ఖాళీగా ఉంటుంది.

రెండో లెక్క సరుకు ఎన్నిసార్లు తిరుగుతుందనేది. మూడు లక్షల స్టాక్ పెట్టారు, కొన్న ధర మీద నూటికి నలభై వేసి అమ్ముతున్నారు. ఆ సరుకు ఏడాదికి నాలుగుసార్లు తిరిగితే పైన వచ్చేది 4,80,000, నెలకు 40,000. అద్దె 10,000, ఒక అమ్మాయి జీతం 9,000, కరెంటు, ఆటో, టీలు, సంచులు కలిపి 5,000 అనుకోండి. మీకు నెలకు 16,000 మిగులుతాయి. అదే సరుకు రెండుసార్లే తిరిగితే వచ్చేది నెలకు 20,000. అంటే ప్రతి నెలా 4,000 ఇంట్లోంచి తెచ్చి పెట్టాలి. అంకెలు ఉదాహరణకు చెప్పినవే, మీ వీధి అద్దె వేసి మీరే చూసుకోండి. మార్జిన్ ఎంత అని అందరూ అడుగుతారు, మీరూ అడిగారు. ఎన్ని నెలలకు ఒకసారి డబ్బు తిరిగి చేతికి వస్తుందనేది అంతకంటే పెద్ద ప్రశ్న.

అందుకే ప్రతి చీర స్టిక్కర్ మీద ధరతో పాటు వచ్చిన నెల కూడా రాయండి. రెండు పండగలు దాటినా కదలని చీరను పడ్డ ధరకు ఇచ్చేయండి. అప్పటికీ పోకపోతే ఇంకా తగ్గించండి. ఆషాఢం సేల్ దాకా ఆగితే ఊరంతా తగ్గింపు బోర్డులే ఉంటాయి, మీ బోర్డు ఎవరికీ కనపడదు.

ఇక ఒంగోలా, టంగుటూరా అన్నది. టంగుటూరులోనే పెట్టండి. ఒంగోలులో ట్రంకు రోడ్డు, కర్నూలు రోడ్డు మీద అంతస్తుల మాల్స్ వచ్చాక చిన్న కొట్టు పెళ్లి పట్టుచీరల్లో వాళ్లతో పోటీ పడలేదు. పెళ్లి వాళ్లు కుటుంబమంతా బయల్దేరి ఒంగోలో, చీరాలో వెళ్తారు. నాలుగు అంతస్తులు తిరిగి చూసుకోవడం వాళ్లకు పెళ్లిపనిలో ఒక సంబరం. వాళ్లను మీ కొట్టుకు తిప్పుకోవాలని డబ్బు తగలేయకండి. ఊళ్లో కొట్టుకు వేరే బలం ఉంది. జాకెట్ ముక్క, లైనింగ్, ఫాల్, లంగా, నైటీ, టవల్ కోసం ఎవరూ పనిగట్టుకుని బస్సెక్కి ఒంగోలు రారు.

ఈ మ్యాచింగ్ కౌంటర్ గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే కొత్తగా పెట్టేవాళ్లకు ఇది చిన్నచూపు. చీరలకు ఫ్యాషన్ ఉంది. జాకెట్లకు వాడే టూ బై టూ రూబియా గుడ్డకు, పాప్లిన్ లంగాకు, ఫాల్‌కు లేదు. ఈ ఏడాది తెచ్చిన ముదురు ఆకుపచ్చ రూబియా తాను వచ్చే ఏడాదీ అమ్ముడుపోతుంది. ఒక్కో బేరం చిన్నదే కానీ రోజూ ఉంటుంది, అన్‌సీజన్‌లో అద్దె కట్టేది అదే. పైగా మ్యాచింగ్ కోసం వచ్చే ఆవిడ ఎక్కడో కొన్న చీర చేతిలో పట్టుకుని వస్తుంది. మీ ఊళ్లో వాళ్లు ఏ రంగులు, ఏ ధరల చీరలు కొంటున్నారో మీకు పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. అది నోట్‌బుక్‌లో రాసుకుని చీరల కొనుబడికి వెళ్లండి. ఒక టైలర్‌ను, ఫాల్, పీకో చేసే ఒక అమ్మాయిని పక్కన పెట్టుకోండి. రంగులు మాత్రం నిండుగా ఉండాలి. రెండుసార్లు "ఆ షేడ్ లేదమ్మా" అనిపించుకున్న మనిషి మూడోసారి రాదు.

రెండో బలం పెట్టుబడి చీరలు. పెళ్లికి, ఓణీల ఫంక్షన్‌కు, పంచెలకు, గృహప్రవేశానికి చుట్టాలకు పెట్టే చీరలు ముప్పై, నలభై, యాభై కావాలి, ఒక్కోటి మూడు వందలో, ఐదు వందలో బడ్జెట్. దీనికి స్టాక్ పెట్టక్కర్లేదు. శాంపిల్ చీరలు కొన్ని ఉంచండి, ఆర్డర్ తీసుకుని సగం డబ్బు అడ్వాన్స్ పట్టుకుని అప్పుడు సరుకు తెండి. మిగిలిపోయే ముప్పై చీరల బాధ ఇందులో లేదు. మీ వాట్సాప్ పరిచయాలు మొదట ఇక్కడే పనికొస్తాయి. ఫలానా ఇంట్లో ఫంక్షన్ ఉందని మీకు ముందే తెలుస్తుంది కదా, స్వయంగా వెళ్లి కలవండి.

ఇప్పుడు సీజన్లు. మన దగ్గర రెండు క్యాలెండర్లు గోడకు వేలాడాలి, పంచాంగం ఒకటి, పంట ఒకటి.

పంచాంగం సంగతి: శ్రావణం మంచిదని అందరికీ తెలుసు. కానీ 2023లో జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం వచ్చింది. పెళ్లిళ్లు, వ్రతాలు అన్నీ నిజ శ్రావణానికి జరిగాయి. క్యాలెండర్‌లో శ్రావణం అని చూసి జులైలోనే సరుకు దింపినవాళ్లకు ఒక నెల డబ్బు ఇరుక్కుపోయింది. 2024లో గురు, శుక్ర మౌఢ్యాల వల్ల మే, జూన్ నెలల్లో పెళ్లి ముహూర్తాలే లేవు. ఎండాకాలం పెళ్లిళ్ల మీద లెక్క వేసుకున్న కొట్లు వెలవెలబోయాయి. 2026లో జ్యేష్ఠం అధికం, మే 17 నుంచి జూన్ 15 వరకు. ఉగాదికి పంచాంగం రాగానే పురోహితుడి దగ్గర కూర్చుని ఏడాది ముహూర్తాలు రాసుకోవడం నాకు అలవాటు, ఆ కాగితం చూడకుండా పెద్ద ఆర్డర్ పెట్టను. రంజాన్ కూడా ఏడాదికి పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. ఉగాదికి దగ్గరగా వచ్చిన ఏడాది పిల్లల డ్రెస్సులు ఎక్కువ కావాలి. డిసెంబరులో క్రిస్మస్ బేరాన్ని తక్కువ చేయకండి. మన పల్లెల్లో ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు కొనే పండగ అది.

పంట సంగతి ఇంకా ముఖ్యం. మీ ఊళ్లోనే పొగాకు వేలం కేంద్రం ఉంది, కొండపి, వెల్లంపల్లి దగ్గరలోనే ఉన్నాయి. వేలం సాగే నెలల్లో రైతు ఖాతాలో డబ్బు పడుతుంది, ఆ తర్వాతే ఇంట్లో ఆడవాళ్ల చేతికి వస్తుంది. 2024లో వర్జీనియా పొగాకు మంచి ధర పలికింది, బట్టల కొట్లకూ అది తెలిసింది. 2025లో ధరలు పడ్డాయి, బర్లీ రకం పొగాకు రైతులు మరీ నలిగిపోయారు. ఆ ఏడాది వెయ్యి రూపాయల చీర అడిగే చెయ్యి ఐదు వందల చీర దగ్గర ఆగింది. నెల్లూరు వైపు ఇదే మాట వరి గురించి, రొయ్య గురించి చెప్పాలి. అక్కడ మార్చి, ఏప్రిల్‌లో కోతలు అయ్యాక బజారు కళకళలాడుతుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్య చెరువుల వాళ్లు ఖర్చులు బిగించారు. కాబట్టి పొగాకు రేటు, రొయ్య కౌంటు రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న దాన్ని బట్టి ఉండే ధర) రోజూ పేపర్లో చూడండి. వచ్చే నెల మీరు ఏ ధర చీరలు తేవాలో అవే చెబుతాయి.

సూరత్ ప్రశ్నకు వస్తాను. ఒంగోలులో నవజీవన్ ఎక్కితే నేరుగా సూరత్‌లో దిగొచ్చు, వెళ్లడం కష్టం కాదు. అక్కడ ధర తక్కువే. కానీ హోల్‌సేల్ వాళ్లు సెట్టు లెక్కన ఇస్తారు. ఒక కేటలాగ్‌లో ఆరో, ఎనిమిదో రంగులుంటే అన్నీ తీసుకోవాలి. అందులో మన ఊళ్లో ఆడేవి నాలుగు, మిగిలినవి మీ అలమరకే. అప్పు మీద ఇప్పించే ఏజెంట్లు కలుస్తారు, చేతిలో డబ్బు లేకపోయినా సరుకు వస్తుంది కాబట్టి అవసరానికి మించి కొనేస్తాం. డ్యామేజ్ వస్తే మార్చుకోవడానికి మళ్లీ పార్సిల్, మళ్లీ ట్రాన్స్‌పోర్ట్, మళ్లీ ఫోన్లు. చీరకు నలభై రూపాయలు తక్కువ పడిందని వెళ్లి, వందలో ముప్పైకి బదులు నలభై ఐదు మిగుల్చుకుంటే ఆ నలభై రూపాయలు ఏమైనట్టు?

మొదటి ఏడాది చీరాల చాలు. జిల్లాలు మారాక అది బాపట్ల జిల్లాలోకి వెళ్లినా మనకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే దూరమే. తక్కువ పీసులు ఇస్తారు, ముఖం గుర్తుపట్టాక కదలని చీరలు మార్చి కూడా ఇస్తారు. సూరత్ సరుకే అక్కడికీ వస్తుంది, నాలుగు రూపాయలు ఎక్కువ పడుతుంది. ఆ నాలుగు రూపాయలు స్టాక్ భారాన్ని వాళ్ల మీద వేసినందుకు మీరు ఇచ్చే కూలి అనుకోండి. రకాలు ఎక్కువ కావాలంటే విజయవాడ వస్త్రలత, కృష్ణవేణి మార్కెట్ ఉన్నాయి. నైటీలు, లుంగీలు, టవళ్లకు ఈరోడ్ మంచిది, సోమవారం రాత్రి నుంచి మంగళవారం దాకా జరిగే సంత చూడాల్సిందే. బనియన్లు, టీషర్టులకు తిరుప్పూరు. నెల్లూరు వాళ్లయితే చెన్నై షావుకారుపేట వెళ్లిరావడం సులువు. మీ దగ్గర ఏ రకం ఏడాదంతా ఆగకుండా ఆడుతుందో నోట్‌బుక్ చెప్పాక, ఆ ఒక్క రకానికి మాత్రం సూరత్ వెళ్లండి.

చేనేత పెట్టాలా అని కూడా ఒక వాక్యం రాశారు. పెట్టండి, కానీ కొనకండి. కోవూరు దగ్గర పాటూరులో, వెంకటగిరిలో నేసే చీర అందం తెలిసిన కస్టమర్లు మన ఊళ్లలో ఉన్నారు, తక్కువమంది. ఆ చీర నెలల తరబడి ఆగుతుంది, ధర ఎక్కువ. నేతగాళ్లతో నేయించే మాస్టర్ వీవర్‌తో మాట్లాడి, అమ్మితే డబ్బు, లేకపోతే తిరిగి ఇచ్చే పద్ధతిలో ఐదారు చీరలు తెచ్చుకోండి. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: మరమగ్గం చీరను చేనేత అని ఎప్పుడూ అమ్మకండి. మగ్గం మీద కూర్చున్న మనిషి నోటి ముద్ద అది. ఊళ్లో ఒక్క పెద్దావిడ అంచు తిప్పి చూసి పట్టుకుందంటే మీ కొట్లో మిగతా సరుకు మీద కూడా నమ్మకం పోతుంది. జరీ చీరలు తెస్తే నెలకోసారి మడత మార్చండి, ఒకే మడతలో ఉంటే అక్కడే చిట్లుతుంది. షో కేసులో లైటు కింద పెట్టిన చీరను వారానికి ఒకసారి మార్చాలి, లేకపోతే పైమడత రంగు వెలుస్తుంది.

అప్పు బేరం. మీ ఊరు, మీ చుట్టాలు, కాబట్టి ఈ ఇబ్బంది మీకు ఒంగోలులో కంటే ఎక్కువ. "వేలం డబ్బు పడగానే ఇస్తాం" అంటారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ వేలం డబ్బు మీద ముందు బ్యాంకు, తర్వాత ఎరువుల కొట్టు, తర్వాత కౌలు ఉంటాయి. మీ చీర ఆఖరు. మొహం మీద లేదనడం కష్టమైతే ఒక పద్ధతి పెట్టుకోండి: చీర పక్కన తీసిపెడతాను, వారం వారం కొంత కట్టండి, పూర్తయ్యాక తీసుకెళ్లండి. పండగకు రెండు నెలల ముందు ఇలా మొదలుపెడితే వాళ్లకూ భారం ఉండదు, మీ డబ్బూ బయట ఉండదు. ఆడవాళ్లు దీన్ని ఇష్టపడతారు, చీటీ కట్టినట్టే కడతారు. మొత్తం మీద ఏ రోజైనా బయట ఉన్న అప్పు ఒక నెల అద్దెను దాటకూడదు.

బంగారం మాత్రం ముట్టుకోకండి. మూడు లక్షలకు నూటికి రూపాయి వడ్డీ అయినా నెలకు 3,000, బయట రెండు రూపాయల వడ్డీ అయితే 6,000. పైన చెప్పిన 16,000లోంచి అది తీసి చూడండి. పైగా స్టాక్ ఎక్కువైతే తిరిగే వేగం తగ్గుతుంది, కాబట్టి రెండువైపులా నష్టం. ఉన్న ఏడు లక్షలను నేనైతే ఇలా పంచుతాను: అడ్వాన్స్, అలమరలు, లైట్లు, బోర్డు అన్నీ లక్షన్నరలో. సరుకు మూడు లక్షలు, అందులో దాదాపు లక్ష మ్యాచింగ్‌కే. ఆరు నెలల అద్దె, జీతం, కరెంటు లక్షన్నర, ఇది విడిగా బ్యాంకులో. మిగిలిన లక్ష రెండో కొనుబడికి. కొట్టు తెరిచిన రోజు అలమరలు నిండుగా కనిపించకపోతే జనం ఏమనుకుంటారోనని టెన్షన్ పడతారు. అలమరలే తక్కువ కొట్టించండి. తర్వాత అప్పు అవసరమైతే ముద్ర పథకంలో తాకట్టు లేకుండా ఇస్తారు. 50,000 దాకా శిశు, ఐదు లక్షల దాకా కిశోర్. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరికీ రుసుము ఇవ్వక్కర్లేదు.

జీఎస్టీ గురించి: మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ మీరు వాట్సాప్‌లో హైదరాబాదుకు, బెంగళూరుకు కొరియర్ చేస్తున్నానని రాశారు. అది రాష్ట్రం దాటిన అమ్మకం, ఈ పరిమితి దానికి వర్తించదు. ఈ నెలలోనే ఒక ఆడిటర్‌ను కలవండి. మొత్తం అమ్మకం మీద ఒక శాతం కట్టే కాంపోజిషన్ పద్ధతిలో రాష్ట్రం బయట అమ్మకూడదు, కొనుబడి మీద కట్టిన పన్నూ తిరిగి రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్‌లో 2,500 రూపాయల దాకా 5 శాతం, దాటితే 18 శాతం. మీలాంటి కొట్లో ఆ గీత దాటే డ్రెస్సులు పెట్టకపోవడమే నయం.

వాట్సాప్ అమ్మకం ఆపకండి, కొట్టు వచ్చాక అది ఇంకా బాగుంటుంది. ఫొటో కిటికీ దగ్గర పగటి వెలుతురులో తీయండి, ఫిల్టర్లు వద్దు. రంగు తేడా వచ్చి తిరిగొచ్చిన చీర రానూపోనూ కొరియర్ ఖర్చులతో లాభాన్ని తినేస్తుంది. డబ్బు ముందే తీసుకోండి. ఆన్‌లైన్‌లో మీషో లాంటి చోట 250కి చీర దొరుకుతుంటే మీ దగ్గర ఎందుకు కొంటారని దిగులు పడుతున్నారు. చేత్తో పట్టుకుని చూడాలనుకునేవాళ్లు, ఫాల్ కుట్టి సాయంత్రానికి కావాలనేవాళ్లు, నచ్చకపోతే మార్చుకోవడానికి ఒక మనిషి కావాలనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ 250 చీరతో మీరు ధరలో పోటీకి దిగకుండా ఉంటే చాలు.

కష్టాలే చెప్పానని వెనక్కి తగ్గకండి అమ్మా. ఈ వ్యాపారంలో నన్ను నిలబెట్టిన సంతోషాలు ఉన్నాయి. వరలక్ష్మీ వ్రతానికి ముందు గురువారం కొట్లో నిలబడడానికి చోటు ఉండదు, తిండి గుర్తు రాదు, రాత్రి షట్టర్ దించేటప్పుడు కాళ్లు లాగుతున్నా మనసు నిండుగా ఉంటుంది. కూతురి నామకరణానికి చీర మన దగ్గర కొన్న తల్లి, అదే పిల్ల ఓణీలకు మళ్లీ మన దగ్గరికే వస్తుంది. "నువ్వే చూసి ఇవ్వు" అంటుంది. ఆ మాట మీద నాకున్న గౌరవం ఏ మార్జిన్ మీదా లేదు.

మిగిలినవి రెండు పనులు. షాపుకు నిప్పు, వరద, దొంగతనం మూడింటికీ కలిపి బీమా చేయించండి, కింది అర నేల నుంచి కనీసం అడుగు ఎత్తులో ఉండాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు క్రిస్మస్ సరుకంతా దింపుకుని ఉన్న సమయం, మన కోస్తాలో ఆ నెలలు ఎప్పుడూ ఇంతే. ఇక అద్దె అగ్రిమెంట్‌లో అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో, అద్దె ఏటా ఎంత పెరుగుతుందో, మీరు పెట్టించిన అలమరలు, షట్టర్ ఎవరివో రాయించండి. నోటి మాట మీద వదిలేస్తే ఖాళీ చేసే రోజున గొడవ అక్కడే మొదలవుతుంది. మీ వీధిలో అద్దెలు ఎలా ఉన్నాయో, పక్కన ఏ కొట్లు ఉన్నాయో రాస్తే మొదటి కొనుబడి జాబితా కూర్చుని వేసి ఇస్తాను.